నొక్కితే నొప్పి: ఏ కోడ్ వేయాలి?

ప్రశ్న: మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నాను. డాక్టరు నోట్సులో ‘కడుపు టెండర్’ (నొక్కితే నొప్పి) అని మాత్రమే ఉంటే ఏ కోడ్ వేయాలండీ?
– ఒక పాఠకురాలు, అమీర్‌పేట, హైదరాబాద్

జవాబు: అంతే ఉంటే ఐసీడీ-10-సీఎంలో (జబ్బులకు, లక్షణాలకు అమెరికాలో వాడే కోడ్‌ల జాబితా) ఆర్10.819, అంటే చోటు చెప్పనిది. కుడివైపు కింద అని రాస్తే ఆర్10.813. అక్కడే మెల్లగా లోతుకు నొక్కి, చటుక్కున చెయ్యి తీసినప్పుడు నొప్పి ఎక్కువైతే అది రీబౌండ్: ఆర్10.823. చాలామంది తడబడేది ఇంకోచోట. రోగి చెప్పుకునే నొప్పి వేరు, అది కుడివైపు కిందైతే ఆర్10.31; డాక్టరు నొక్కి చూస్తే తెలిసేది వేరు. చోటు మీరు ఊహించకండి, డాక్టరుకు క్వెరీ (వివరం అడిగే ప్రశ్న) పంపండి. అదీ జవాబు నోటికందించినట్టు ఉండకూడదు.

అక్యూట్ (ఉన్నట్టుండి వచ్చిన) అపెండిసైటిస్ అని తేలిపోతే కే35 వరుసలోని కోడే, టెండర్‌నెస్ విడిగా అక్కర్లేదు. ఔట్‌పేషెంట్ చార్టులో ‘అపెండిసైటిస్ కావచ్చు’ అని ఉంటే మాత్రం లక్షణం కోడ్ దగ్గరే ఆగాలి.