బెంగళూరులో ఈవెంట్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. ఎదగాలంటే సర్టిఫికెట్ ముఖ్యమా, పరిచయాలా?

రెండూ కావాలి, కానీ ముందు పరిచయాలు. తుమకూరు రోడ్డులోని బీఐఈసీ అనే ప్రదర్శనల కేంద్రంలో రేపు ఉదయం ఎగ్జిబిషన్ అనుకోండి. ఈ రాత్రి పదకొండుకి స్టాల్‌కి కరెంటు రాకపోతే, ఫోన్ ఎత్తి పరుగున వచ్చే ఎలక్ట్రీషియనే మీ పరువు కాపాడేది. అతను రావాలంటే పేరు పెట్టి పలకరించే అలవాటు ఉండాలి, పాత బిల్లు పెండింగ్‌లో ఉండకూడదు. డబ్బు విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నాకది అస్సలు నచ్చదు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా, నమోదైన చిన్న సరఫరాదారులకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టమే చెబుతోంది. మీ అకౌంట్స్ వాళ్ల వెంటపడి ఇప్పించండి. మీరు కంపెనీ మారినా, సమయానికి డబ్బు ఇప్పిస్తారన్న పేరు మీతోనే వస్తుంది. హోటల్ బ్యాంక్వెట్ మేనేజర్లతోనూ అంతే: భోజనాల సంఖ్య మారితే ఆఖరి నిమిషం దాకా దాచకుండా వెంటనే చెప్పేయండి.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, 1985లో మొదలైన సీఎంపీ (సర్టిఫైడ్ మీటింగ్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్‌కి విదేశీ క్లయింట్ల దగ్గర విలువ ఉంది. దానికి అనుభవం అడుగుతారు, ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. కాబట్టి ఇప్పటినుంచే చేసిన ప్రతి ఈవెంట్‌లో మీ బాధ్యతేమిటో, ఎంతమంది వచ్చారో, బడ్జెట్ ఎంతో రాసిపెట్టుకోండి.