గోడకు పడిన కంత

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

శివార్ల లోకల్ రైలు మార్గానికి ప్రణాళిక వేసే బృందంలో నువ్వు చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అప్పటి నుంచి మీ పెద్దమ్మ కనిపించిన వాళ్లందరికీ ఆ మాటే చెబుతోంది. నాకూ ఛాతీ పొంగింది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ పంపుతావు.

జనాభా లెక్కలు, నేల పరీక్షలు, భూసేకరణ ఖర్చు ఎలాగూ డీపీఆర్‌లో, అంటే పూర్తి ప్రాజెక్టు నివేదికలో ఉంటాయి. లోకల్ బండ్లకు వేరే పట్టాలు అడుగు, ఇచ్చేదాకా అడుగుతూనే ఉండు. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. ఎంత మంచి బండైనా ఎక్స్‌ప్రెస్సులు, గూడ్సులు నడిచే పట్టాల మీదే నడవాలంటే వాటికి దారిచ్చి నిలబడక తప్పదు. రెండు రోజులు ఆఫీసుకు ఆలస్యమైనవాడు మూడో రోజు బైకు తీస్తాడు. డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. ఎంఎంటీఎస్ రెండో దశకు మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే అనుకున్నారు. 2012-13లో మంజూరైతే మేడ్చల్‌కు బండి వెళ్లింది 2023 ఏప్రిల్‌లో. అన్నాళ్లు స్టేషను కోసం ఎవరు కాచుకుని కూర్చుంటారు?

ఇక అసలు విషయం. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు.

రైల్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న స్టేషనుకు ఓవర్ బ్రిడ్జి ఎక్కడ పెట్టాలో గీసింది నేనే. ఊరి పేరు రాయను. పట్టాలకు ఒక పక్క బజారు, ఇంకో పక్క కూలీల ఇళ్లు. సర్వేకి వెళ్లినప్పుడు ఆ ఇళ్ల నుంచి బజారుకు గడ్డిలో తెల్లగా ఒక కాలిబాట కనిపించింది. దాని మీదే నడిచి వెళ్లి చింతచెట్టు కింద నీళ్లు తాగాను. కానీ ఆ చివర సిగ్నలు స్తంభం ఉంది, నేల ఎగుడుదిగుడు. రెండో చివర చదునుగా, ఖర్చు తక్కువగా అనిపించింది. బ్రిడ్జి అక్కడ గీశాను. పై అధికారి భుజం తట్టాడు.

కాలిబాట నుంచి బ్రిడ్జికి మూడు వందల అడుగుల దూరం. ఎక్కడానికి నలభై నాలుగు మెట్లు, దిగడానికి మళ్లీ అన్నే. నెత్తిన గంపతో ఎవరు ఎక్కుతారమ్మా? బ్రిడ్జి నీడలో మేకలు పడుకునేవి. జనం మాత్రం పాత బాటనే దాటేవారు. అడ్డంగా గోడ కట్టించాం. వారంలో కంత పడింది. పూడ్చాం. మళ్లీ పడింది. మూడోసారి పూడ్చేటప్పుడు తాపీ మేస్త్రీ నవ్వాడు. నాకు కోపం వచ్చింది.

ఒక వానాకాలం పొద్దున గూడ్సు వెళుతోంది. ఒకామె అన్నం క్యారియర్ పట్టుకుని దాని చివరి పెట్టె దాటేదాకా ఆగింది. దాటగానే అడుగు వేసింది. రెండో లైనులో ఎక్స్‌ప్రెస్ వస్తోంది. గూడ్సు చప్పుడులో దాని కూత ఆమెకు వినపడలేదు.

విచారణకు నన్నే పంపారు. కంత దగ్గర నిలబడ్డాను. ఇటుకల అంచులు నున్నగా ఉన్నాయి, ఇంట్లో గడపలా. ఎన్ని భుజాలు, ఎన్ని చీర చెంగులు రాసుకుంటే ఇటుక అంత నునుపెక్కుతుంది! ఆఫీసుకు వచ్చి, 'అక్రమంగా పట్టాలు దాటుతుండగా' అని రిపోర్టు రాసి సంతకం చేశాను. ఇప్పటి రైల్వే చట్టంలో అది 147వ సెక్షన్. చట్ట ప్రకారం తప్పు ఆమెదే. బ్రిడ్జి ఎవరు గీశారని ఆ కాగితంలో అడిగే గడి లేదు.

నూరేళ్లుగా కరెంటు లోకళ్లు నడుస్తున్న ముంబైలోనే ఏటా రెండు వేల మందికి పైగా పట్టాల మీద పోతున్నారు. దాటబోయి పోయినవాళ్లే అందులో ఎక్కువ. మీరు తెచ్చే కొత్త బండ్లకు చప్పుడు కూడా తక్కువ.

కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు గీయకు. పొద్దున ఆరింటికి, మళ్లీ బడి వదిలే వేళకు ప్రతి స్టేషను చోటా నిలబడు. ఎవరు ఎటు నుంచి ఎటు దాటుతున్నారో చూడు. గోడలో కంత ఉంటే పూడ్చమనకు, దాని ఫొటో తీసుకో. రెండు పక్కలా ద్వారం పెట్టించు. బ్రిడ్జో సబ్‌వేనో ఆ బాట మీదే రావాలి, పక్కన ర్యాంపు ఉండాలి. ఖర్చని ఎవరైనా కొట్టేస్తే పోట్లాడు. చిన్నప్పుడు నా చేతి కర్ర లాక్కుని పోట్లాడలేదూ?

ఎండలో టోపీ పెట్టుకో. పట్టాల దగ్గర చెవిలో పాటలు పెట్టుకున్నావని తెలిసిందో, అక్కడికే వచ్చి చెవి మెలేస్తాను. పెద్దమ్మ ఉసిరికాయ పచ్చడి పంపుతోంది, సీసా తిరిగి పంపమంటోంది. స్టేషన్ల మ్యాపులు బయటికి చూపించవచ్చంటే నాకొక కాపీ పంపు. భూతద్దం కొనుక్కున్నాను.

మీ పెదనాన్న