తాళం ఎవరి చేతిలో ఉండాలి

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన నాలుగు పాటల నమూనాలను రెండు రాత్రులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మూడోనాడు గదిలో స్పీకర్ల మీద పెద్దగా పెట్టుకుని విన్నాను. కున్‌చ్యూ అనే చైనా సంప్రదాయ సంగీతనాటకరంగంలో నాలుగు వందల ఏళ్లుగా నిలిచి ఉన్న ‘పియోనీ మంటపం’ కథను తీసుకుని, చైనా వాద్యాలనూ పాశ్చాత్య తీగవాద్యాల బృందాన్నీ కలిపి ఆల్బమ్ చేయాలన్న నీ సంకల్పం నాకెంతో నచ్చింది. నీ స్నేహితురాలి గొంతు పాత్రకు సరిగ్గా సరిపోయింది. అయితే మొదటి పాటలో డీజ వేణువు తన దారిన తాను పలుకుతూ ఉంటే, కింద పియానో తన దారిన తాను కదులుతూ పోతున్నది. రెండింటిలోనూ అపస్వరం లేదు, కానీ ఒకదాని మాట ఒకటి విన్న జాడ కూడా లేదు. అది ఎందుకు జరిగిందో నాకు తెలుసు. సింగపూరులో ఇరవై ఆరేళ్లు వయొలిన్ వాయించిన కాలంలో ఆ పొరపాటును నేనూ చేశాను.

ఒక రికార్డింగులో తీగవాద్యాల బాధ్యత నాది. పని తొందరగా తెమలాలని, అందరి చెవుల్లోకీ మెట్రోనోమ్ టక్కుటక్కుమనే ఏర్పాటు చేయించాను. బాంగు అనే చిన్న డోలు వాయించే పెద్దాయన రెండు టేకులు ఓపికగా వాయించి, మూడోదానికి హెడ్‌ఫోన్లు తీసి మోకాలి మీద పెట్టుకుని, గాయని ముఖం వైపు తిరిగి కూర్చున్నారు. ఆమె ఊపిరి తీసుకునేటప్పుడు భుజం ఎక్కడ లేస్తుందో చూసి ఆయన పుల్ల పడేది. అది ఆయనకు తాళం. నేను మాత్రం లెక్క తప్పుతున్నదని ఆయనను మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నాను. ఆయన పెట్టుకున్నారు. లెక్క కుదిరింది, పాట చచ్చిపోయింది. ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గర ఉంది. విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది.

అందుకే నీకు ముందుగా చెప్పేది ఇదే: వాద్యాలను ఎంచుకోవడానికి ముందే తాళం ఎవరి చేతిలో ఉంటుందో ప్రతి పాటకూ తేల్చుకో. చైనా నాటకరంగంలో ఆ అధికారం డోలు ముందు కూర్చున్న మనిషిది. ఆయన ఒక చేతిలో చిడతల వంటి కొయ్యపలకలు, మరో చేతిలో సన్నని పుల్ల పట్టుకుని, జేగంటనూ చిన్న గంటనూ తాళాలనూ తీగవాద్యాలనూ నడిపిస్తాడు. నీ తీగవాద్యాల బృందానికి కండక్టర్ ఉన్నా, ఆ కండక్టర్ బాంగు వాయించే మనిషిని చూస్తూ నడిపించాలి. ఇద్దరూ యజమానులుగా ఉన్న పాట ఎటూ నడవదు. ఏదైనా పాటలో తాళం పాశ్చాత్య బృందానిదే కావాలని నీకు అనిపిస్తే అలాగే చేయి, కానీ ఆ పాటలో డోలు ఉండకూడదు.

ఆ వాద్యగతులను కాగితం మీద చూసి నేర్చుకోవద్దు. మన మృదంగ విద్యార్థి వాయించడానికి ముందు జతులను నోటితో చెప్పినట్టే, వారు కూడా గంటల గతులను నోటితో చెప్పి నేర్చుకుంటారు. పెకింగ్ ఒపేరా వారి పలుకుల్లో ‘త్సాంగ్’ అంటే జేగంట, ‘తాయ్’ అంటే చిన్న గంట, ‘త్సాయ్’ అంటే తాళాలు. జేగంటను కొట్టగానే దాని శ్రుతి కిందికి జారుతుంది. చిన్న గంట శ్రుతి పైకి లేస్తుంది. అందుకే పాత్ర ఠీవిగా వచ్చి నిలబడే చోట ఒకటి, చెలికత్తె చురుకుగా అడుగు వేసే చోట మరొకటి మోగుతాయి. నీ మూడో పాటలో జేగంట మోగిన మరుక్షణమే మంద్రస్థాయి తీగవాద్యాలైన చెల్లోలు అందుకున్నాయి. ఆ జారే ధ్వని పూర్తయ్యే దాకా ఆగు. భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నుంచి జడ మాత్రమే చూపించినప్పుడు మనం ఎలా ఊపిరి బిగబట్టి చూస్తామో, అక్కడ కూడా వినేవాడు అలాగే ఎదురుచూడాలి.

డోలు వేగంగా, గానం స్వేచ్ఛగా సాగే పద్ధతి ఒకటి వారికి ఉంది. ‘జిన్ దా మన్ ఛాంగ్’ అంటారు, బిగువుగా కొట్టి నెమ్మదిగా పాడటం అని దాని భావం. 1959 మే నెలలో షాంఘైలో తొలిసారి వినిపించిన ‘సీతాకోకచిలుక ప్రేమికులు’ వయొలిన్ కన్చర్టో వినే ఉంటావు. హ చాన్‌హావ్, చెన్ గాంగ్ అనే ఇద్దరు సంగీత విద్యార్థులు యువె అనే చైనా ప్రాంతీయ నాటకసంగీతం ఆధారంగా దాన్ని కూర్చారు. నాయిక ప్రియుని సమాధి దగ్గర విలపించే భాగాన్ని మళ్లీ విను. కింద వాద్యబృందం గుండెలు కొట్టుకున్నట్టు ఆగకుండా పరుగెత్తుతూ ఉంటే, వయొలిన్ మాత్రం ఏ మాత్రకూ కట్టుబడకుండా ఏడుస్తుంది. రంగస్థలాన్ని పాశ్చాత్య వాద్యబృందంలోకి తీసుకురావడం అంటే నా దృష్టిలో అదే. అక్కడ తెచ్చుకున్నది రాగం ఒక్కటే కాదు, కాలాన్ని నడిపే తీరును కూడా. నీ నాలుగో పాటలో ‘పియోనీ మంటపం’ కథానాయిక దూ లీనియాంగ్ విరహంతో క్షీణించే ఘట్టానికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. గాయని వరుసకు గీతలు గీసి మాత్రలు విభజించవద్దు. ఏ అక్షరం ముగిసినప్పుడు చెల్లోలు స్వరం మార్చాలో దాన్ని మాత్రమే గుర్తు పెట్టు.

ఇక స్వరాల సంగతి. గోంగ్, షాంగ్, జ్యూయె, జి, యు అనే వారి ఐదు స్వరాలు మన చెవికి మోహనమే. గ్రహభేదం చేసి రిషభాన్ని ఆధారషడ్జం చేసుకుంటే మధ్యమావతి, పంచమాన్ని చేసుకుంటే శుద్ధసావేరి వస్తాయని నీకు చిన్నప్పుడే చెప్పాను. ఈ దగ్గరతనం నీకు వరం, ప్రమాదం కూడా. స్వరస్థానాలు ఒకటే కావచ్చు కానీ నడక వేరు, స్వరాన్ని అందుకునే తీరు వేరు. రెండో పాటలో వయొలిన్ గాంధారాన్ని ఊపిన చోట నాకు తిరువయ్యారు గుర్తొచ్చింది గాని కున్‌చ్యూకు పుట్టినిల్లయిన సూజో ప్రాంతం గుర్తుకు రాలేదు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది పియానోతో వచ్చింది. ఈ ఐదు స్వరాల మధ్య అరస్వరం దూరం ఎక్కడా లేదు. నీవు ప్రతి చరణం చివరా పంచమం మీద కట్టిన స్వరసమూహం నుంచి షడ్జానికి దిగుతున్నావు. ఆ సమూహంలో కాకలి నిషాదం ఉంది. అది షడ్జం వైపు లాగుతుంది. ఆ లాగుడు పాశ్చాత్య సంగీతానికి ప్రాణం, కానీ దక్షిణపు కున్‌చ్యూ బాణీలకు అది పరాయిది. వాటి కింద నాలుగో, ఐదో స్వరాల దూరంతో కట్టిన సమూహాలు పెట్టు, లేదా ఒకే శ్రుతిని నిలిపి ఉంచు. షెంగ్ వాద్యకారుణ్ణి ఒక పూట పిలిపించుకుని కూర్చో. పదిహేడు గొట్టాల ఆ నోటివాద్యం సంప్రదాయంగానే ఆ దూరాల్లో రెండు మూడు స్వరాలను కలిపి పలికిస్తుంది. నీవు కీబోర్డుతో నింపిన ఖాళీని అది ఇంకా సహజంగా నింపుతుంది. ఏడు స్వరాలూ వాడాలని ఉంటే దానికీ దారి ఉంది: కున్‌చ్యూలోనే ఉత్తరపు బాణీలు సప్తస్వరాలతో నడుస్తాయి. యమలోకపు న్యాయాధికారి ముందు దూ లీనియాంగ్ ఆత్మ నిలబడే ఘట్టానికి ఉత్తరపు బాణీ తీసుకుని, ఆ ఒక్క పాటలో నీ పాశ్చాత్య సమన్వయానికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వు. మిగిలిన పాటల్లో దాన్ని అదుపులో పెట్టిన ఫలితం అప్పుడు తెలుస్తుంది.

గొంతు విషయంలో నీ స్నేహితురాలి మాటే ఎక్కువగా విను. వారి భాషలో పదం పలికే ఎత్తుపల్లాలను బట్టి అర్థం మారుతుంది కాబట్టి, వరుస ముందు కట్టి మాటలు తరువాత ఇరికిస్తే చైనా శ్రోతకు అది మరొక మాటలా వినిపించవచ్చు. కున్‌చ్యూ గాయని ఒక్కొక్క పదాన్ని తల, పొట్ట, తోక అని మూడు భాగాలుగా సాగదీస్తుంది. తోకను మింగేయకుండా స్పష్టంగా మూస్తుంది. నీ మిక్సింగులో ప్రతిధ్వని ఎక్కువై ఆ తోకలన్నీ కరిగిపోయాయి. ఆమెను పాశ్చాత్య సొప్రానోలా పాడమని అడగవద్దు. 1998లో వియన్నాలో ఇదే కథను చైనా స్వరకర్త తాన్ దున్ సంగీతంతో దర్శకుడు పీటర్ సెల్లర్స్ రంగస్థలానికి ఎక్కించినప్పుడు, కున్‌చ్యూ నటి హువా వెన్‌యీ పాశ్చాత్య పద్ధతిలో పాడే గాయనీగాయకులతో ఒకే వేదికను పంచుకున్నారు. రెండు గొంతులు కావాలంటే ఇద్దరు మనుషులను పెట్టు.

ఎనిమిది పాటల్లో కథంతా చెప్పాలన్న ఆలోచన మానుకో. తాంగ్ షియాన్‌జు 1598లో పూర్తిచేసిన ఆ నాటకంలో 55 అంకాలున్నాయి. 1999లో న్యూయార్క్‌లో అన్నీ ఆడినప్పుడు సుమారు 19 గంటలు పట్టింది. అక్కడి నటులే తరతరాలుగా నాలుగైదు ఘట్టాలను విడదీసి ఆడుతూ వచ్చారు. నీవూ తోటలో విహారం, స్వప్నం, మరణం, యమలోకం, పునర్జీవనం తీసుకుంటే చాలు. తోట ఘట్టాన్ని మాత్రం తొందరపెట్టకు. వేదిక మీద ప్రేక్షకుడు చూసే పొడవాటి చేతుల అంగీనీ, కంటి చూపునూ నీ శ్రోత చూడలేడు కనుక, ఆ కదలికలకు పట్టే సమయాన్ని నీవు డీజకీ నిశ్శబ్దానికీ ఇవ్వాలి.

రికార్డింగు క్రమం కూడా మార్చు. డోలునూ గాయనినీ ఒకే గదిలో, ఒకరికొకరు కనిపించేలా కూర్చోబెట్టి ముందు వారిద్దరినీ పట్టు. డీజ తరువాత, తీగవాద్యాలు అన్నిటికన్నా చివర. యమలోకపు పాటలో జింగ్హు వాడతానన్నావు. కమానుతో వాయించే ఆ చిన్న వెదురు తీగవాద్యం గొంతు చాలా పదునైనది, అదే స్థాయిలో వయొలిన్లు ఉంటే వినిపించవు కాబట్టి వాటిని ఒక స్థాయి కిందికి దించు. వచ్చే చైనా పంచాంగపు ఏడో చాంద్రమాసంలో మీ పేటలో వీధి వేదికల మీద హొక్కియెన్, తియోచ్యూ అనే చైనా మాండలికాల నాటకాలు ఆడతారు కదా. అవి కున్‌చ్యూ కాకపోయినా, వేదిక ఎదురుగా కాక డోలు వాయించే వారి పక్కన నిలబడి రెండు రాత్రులు చూడు.

వాద్యకారులందరి పేర్లూ ఆల్బమ్ మీద అచ్చు వేయించు, డోలు వాయించిన వారి పేరు గాయని పేరు పక్కనే ఉండాలి. నాలుగో పాటను తిరిగి పట్టిన తరువాత తీగవాద్యాలు చేర్చకుండా డోలు, గొంతు ఉన్న భాగాన్నే ముందు నాకు పంపు. అది విన్నాకే చెల్లోల గురించి మాట్లాడుకుందాం.

విశాఖపట్నం నుంచి
నీ మామయ్య