తాగి నడిపిన కేసులో ముందు చూడవలసింది పరీక్ష చీటీని

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. జీడిపప్పు సరుకు తోలే వ్యాను డ్రైవరుని. గత నెల మేనకోడలి ఓణీల వేడుకకు వెళ్లి బైకు మీద తిరిగి వస్తుంటే, రాత్రి పది దాటాక టెక్కలి దగ్గర పోలీసులు ఆపి బ్రెత్ ఎనలైజర్‌లోకి ఊదించారు. స్టేషనుకు తీసుకువెళ్లి తెల్లవారుజామున వదిలారు. ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. యంత్రం చీటీ చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో పాడైంది. అంకె డెబ్బై ఎంతో అన్నారు. బంధువుల ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను, భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోలేదు కనుక కేసు నిలవదని ఒకరు, కోర్టులో ఒప్పేసుకుని జరిమానా కడితే ఒక్క పూటలో తేలిపోతుందని మరొకరు అంటున్నారు. లైసెన్సు పోయిందని డూప్లికేటుకు పెట్టుకోమని మా ఓనరు గారి సలహా. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో వేడుక గురించి, బంధువుల మాటల గురించి చాలా ఉంది. కేసును నిలబెట్టేదీ పడగొట్టేదీ అయిన అంకె గురించి మాత్రం "డెబ్బై ఎంతో" అని రాసి ఊరుకున్నారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్టు పరీక్షలో తేలిన స్థితిలో బండి నడపడం నేరం. అంటే ఆ పరీక్ష కాగితమే ప్రాసిక్యూషనుకు ప్రాణం. రక్తం గాని మూత్రం గాని పరీక్షించనప్పుడు, నోటి వాసన, తూలడం వంటి లక్షణాలను బట్టి మాత్రమే ఒకడు తాగాడని నిర్ధారించలేమని సుప్రీంకోర్టు 1971లోనే ఒక ప్రమాదం కేసులో చెప్పింది. అటువంటి కాగితాన్ని మీరు ఉతుకులో వేశారు. అది వేడితో అచ్చుపడే కాగితం కనుక ఊరికే జేబులో ఉన్నా కొంతకాలానికి అక్షరాలు వెలిసిపోతాయి. స్టేషను మెట్లు దిగగానే ఫోనుతో ఫోటో తీసుకుని ఉంటే ఈ రోజు మీకూ నాకూ ఇంత ఊహాగానం అవసరం ఉండేది కాదు. బండి తోలి బతికే మనిషికి ఇంత అజాగ్రత్త తగదు.

ఇప్పుడు ఆసుపత్రి మాట. 202వ సెక్షను ప్రకారం ఈ నేరానికి అరెస్టు చేసిన మనిషిని రెండు గంటల లోపల డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకుంటే కస్టడీ నుంచి విడిచిపెట్టాలి. మీకు చెప్పినవారు ఈ వాక్యాన్ని సగమే చదివారు. పరీక్ష చేయించకపోతే విడుదల చేయాలని ఉంది గాని, కేసు కొట్టివేయాలని అక్కడ లేదు. పైగా 203వ సెక్షను కింద సక్రమంగా జరిగిన శ్వాస పరీక్ష ఫలితం దానంతట అదే సాక్ష్యంగా చెల్లుతుంది. అయినా మిమ్మల్ని తెల్లవారే దాకా ఉంచడం, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లకపోవడం క్రాస్ ఎగ్జామినేషన్‌లో (పోలీసు సాక్షులను ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) మీ న్యాయవాదికి ఉపయోగపడతాయి కనుక, ఎన్ని గంటలకు ఆపారు, ఎన్ని గంటలకు వదిలారు, ఇంట్లోవారికి ఎవరు ఫోను చేశారు అన్నది జ్ఞాపకం ఉండగానే తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఇది బెయిలబుల్ నేరం. పూచీకత్తు ఇస్తే బెయిలు మీ హక్కు. అరెస్టుకు కారణం చెప్పడం, మీవారికి తెలియజేయడం పోలీసుల బాధ్యత.

ఇక "ఒప్పేసుకోవడం". మొదటి నేరానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. జరిమానాతో పోయినా అది శిక్షే. మళ్లీ పట్టుబడితే రెండో నేరంగా లెక్కించి రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నేరం ఒప్పుకున్నాక, శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో తప్ప, నేరమే చేయలేదని అప్పీలు వేసుకునే దారి మూసుకుపోతుంది. కాగితాలన్నీ సక్రమంగా ఉండి అంకె నిజంగా డెబ్బై దాటి ఉంటే, ఒప్పుకుని జరిమానాతో సరిపెట్టమని కోరడమే మంచిదని మీ న్యాయవాదే చెప్పవచ్చు. కాని ఆ నిర్ణయం కాగితాలు చూశాక తీసుకోవలసినది. స్టేషనులో డబ్బిచ్చి సర్దుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మవద్దు, ఈ నేరం రాజీకి కుదిరేది కాదు.

మీ ఓనరు గారి సలహా వినవద్దు, దాని జోలికే పోవద్దు. లైసెన్సు పోలీసుల దగ్గర ఉందని తెలిసి, పోయిందని రాసి డూప్లికేటు తీసుకుంటే, ప్రభుత్వోద్యోగికి తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షను కింద అది విడిగా నేరం, ఏడాది దాకా జైలు పడవచ్చు. తాగి నడిపిన కేసులో మీకు పోరాడే దారి ఉంది, ఇందులో మీ చేతిరాతే మీ మీద సాక్ష్యం. మరొక విషయం, మీకిచ్చిన రసీదు బండి నడపడానికి అనుమతి కాదు. లైసెన్సు రద్దు చర్య కోసం తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదుతో, లైసెన్సు తిరిగి వచ్చే దాకా నడపకూడదని మోటారు వాహనాల చట్టం 206వ సెక్షనే చెబుతోంది. ఇప్పుడు వ్యాను తోలుతుంటే వెంటనే ఆపండి.

నెల గడిచినా సమన్లు రాలేదని ధైర్యపడవద్దు. ఈ నేరానికి కేసు వేయడానికి కాలపరిమితి ఏడాది. పోలీసులు ఆ లోపల కోర్టులో వేశారా అన్నదే లెక్క, సమన్లు మీ చేతికి ఎప్పుడు వచ్చాయన్నది కాదు. సమన్లు వచ్చాక వాయిదాకు పోకపోతే వారంటు జారీ కావచ్చు.

చేయవలసింది ఇది. సమన్లు రాగానే న్యాయవాది ద్వారా వకాలత్నామా (మీ తరఫున వాదించే అధికార పత్రం) వేసి, పోలీసులు దాఖలు చేసిన పత్రాల నకళ్లు తీసుకోండి. పరీక్ష చీటీ మీద మీ పేరు, బండి నంబరు, సమయం, యంత్రం నంబరు, ఊదకముందు చూపిన సున్నా రీడింగు, మీ సంతకం ఉన్నాయా, ఆ సమయం మీరు రాసి పెట్టుకున్న సమయంతో సరిపోతుందా చూడండి. ఆ తేదీ నాటికి యంత్రానికి కాలిబ్రేషన్ ధ్రువపత్రం (అంకెలు సరిగ్గా చూపుతోందని పరీక్షించి ఇచ్చే కాగితం) ఉందో లేదో చూపించమని కోర్టులో దరఖాస్తు వేయించండి. ఫీజుకు ఇబ్బందయితే శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోను చేయండి.

అన్నిటికన్నా మీ పొట్టకూటికి సంబంధించినది రవాణా శాఖ నోటీసు. మొదటి నేరమైతే మూడు నెలల పాటు అనర్హత (బండి నడపకుండా నిషేధం) వేయవచ్చు గాని, ముందుగా మీ వాదన వినాలి. ఈ అనర్హతను లైసెన్సులోని అన్ని తరగతులకూ వేయవచ్చు, ఏదో ఒక తరగతికే పరిమితం చేయనూ వచ్చు. ఆ రాత్రి మీరు నడిపింది బైకు. కనుక అనర్హతను ద్విచక్ర వాహనాలకే పరిమితం చేయమని, వ్యాను తోలడమే జీవనాధారమని, పూర్వం కేసులేవీ లేకపోతే ఆ మాట కూడా రాసి, ఓనరు గారి ఉద్యోగ ధ్రువపత్రం జత చేసి గడువులోగా జవాబు ఇవ్వండి. దాన్ని ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న నకలు తీసుకోండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజుల్లోగా అప్పీలు వేసుకోవాలి.