పాత రైలింజన్లు ఎక్కి చూడాలంటే

ప్రశ్న: ఈ వేసవికి నేపర్‌విల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మనవడికి ఏడేళ్ళు, రైలంటే ప్రాణం. చికాగో దగ్గర పాత రైళ్ళ మ్యూజియం ఉందని, అక్కడ ఇంజన్ని మనమే నడపొచ్చని విన్నాను. నిజమేనా? మోకాళ్ళ నొప్పులున్న మేం తిరగగలమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజమేనండీ. మీరు విన్నది ఇల్లినాయ్ రైల్వే మ్యూజియం గురించి. చికాగోకి వాయవ్యంగా, యూనియన్ అనే చిన్న ఊళ్ళో, చేల మధ్య ఉంటుంది. మీ అబ్బాయి ఇంటి నుంచి కారులో ఇంచుమించు గంట. 1953లో రైలు పిచ్చి ఉన్న పదిమంది తలా 100 డాలర్లు వేసుకుని ఇండియానా రైల్‌రోడ్ వారి 65వ నంబరు, కరెంటుతో నడిచే రైలు పెట్టెని కొనడంతో ఇది మొదలైంది. అది 1931 నాటిది, అప్పట్లో కొనకపోతే తుక్కు కింద పోయేదే. 1964లో యూనియన్‌కి మారారు, ఇప్పుడు అమెరికాలోకెల్లా పెద్ద రైల్వే మ్యూజియం ఇదే. దాదాపు 5 మైళ్ళ సొంత లైనుంది. టికెట్ కొంటే ఆ రోజు తిరిగే రైళ్ళు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు.

ఇంజన్ నడపడం మాత్రం పెద్దవాళ్ళకి. దానికి విడిగా ముందే బుక్ చేసుకోవాలి, పక్కన అనుభవమున్న డ్రైవర్ నిలబడి చెబుతూ ఉంటే మీ చేత్తో మీరే థ్రాటిల్ (ఇంజన్ వేగాన్ని పెంచే, తగ్గించే పిడి) లాగుతారు. తేదీలు, రుసుము, వయసు నిబంధన బుక్ చేసే ముందే చూసుకోండి. మనవడికి అది కుదరదని దిగులు పడకండి, వాడికి అక్కడ వేరే పండగ ఉంది. ట్రామ్ లైను చివరికి వెళ్ళాక కండక్టర్ దిగి, తాడు పట్టుకుని, పైన తీగని తాకే ఉక్కు కర్రని కిందికి లాగి కట్టేసి, రెండో వైపు కర్రని జాగ్రత్తగా తీగకి ఆనిస్తాడు. ఆ తీగలో 600 వోల్టుల కరెంటు. కర్ర సరిగ్గా ఆనితేనే బండి కదులుతుంది. వాణ్ణి అక్కడ దగ్గరగా నిలబెట్టి చూపించండి, కరెంటు బండి ఎలా నడుస్తుందో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. నెబ్రాస్కా జెఫైర్ తిరిగే రోజయితే అది వదులుకోవద్దు. 1936 నాటి స్టెయిన్‌లెస్ స్టీల్ రైలు, ఐదు పెట్టెలకీ రోమన్, గ్రీకు దేవతల పేర్లు, పక్కపక్క పెట్టెలు రెండూ ఒకే చక్రాల సెట్టు మీద కూర్చుంటాయి.

మోకాళ్ళ సంగతి: పాత పెట్టెల మెట్లు ఎత్తుగా ఉంటాయి, షెడ్డుకీ షెడ్డుకీ మధ్య నడక కూడా ఎక్కువే. అన్నీ చూసెయ్యాలని పెట్టుకోకుండా రెండు రైళ్ళెక్కి, రెండు షెడ్లు తిరిగితే చాలు. ఆవిరి ఇంజన్ రోజూ నడవదు, అది నడిచే రోజు చూసుకునే వెళ్ళండి.

ప్రశ్న: నేను మెకానికల్ చదువుతున్నాను. పాత ఆవిరి ఇంజన్ని మళ్ళీ నడిపించడానికి ఏళ్ళకేళ్ళు పడుతుందంటారు. రంగులేసి నిలబెడితే సరిపోదా? అంత ఖర్చు దేనికి?
– ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: అదే మ్యూజియంలో ఉన్న ఫ్రిస్కో 1630 అనే ఆవిరి ఇంజన్ కథ వింటే నీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. రష్యా కోసం 1918లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ తయారు చేసిన పది డ్రైవింగ్ చక్రాల ఇంజన్ అది. అక్కడ 1917లో విప్లవం రావడంతో అలాంటివి దాదాపు 200 ఇంజన్లు అమెరికాలోనే ఉండిపోయాయి. రష్యా పట్టాల మధ్య దూరం 5 అడుగులు, అమెరికాలో 4 అడుగుల 8½ అంగుళాలు. మరి ఎలా నడిపారు? ఆవిరి ఇంజన్ చక్రానికి ఉక్కు టైరు విడిగా ఉంటుంది. ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప కట్టు ఎక్కించినట్టే, దాన్ని వేడి చేస్తే సాగుతుంది, అప్పుడు తొడిగితే చల్లారాక బిగుసుకుంటుంది. ఈ ఇంజన్లకి మరింత వెడల్పు టైర్లు తొడిగి అమెరికా పట్టాలకి సరిపెట్టారు. ఆ చక్రాల దగ్గర వంగి చూస్తే వందేళ్ళ కిందటి ఇంజనీర్ బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది.

ఇక ఖర్చు విషయం. అమెరికా రైల్వే భద్రతా నిబంధనల ప్రకారం ఆవిరి ఇంజన్ 1,472 రోజులు పనిచేసినా, 15 ఏళ్ళు గడిచినా, ఏది ముందైతే అప్పుడు బాయిలర్‌ని విప్పి లోపలా బయటా పరీక్షించాలి. గొట్టాలు తీసేస్తారు, రేకు మందం ఎక్కడెక్కడ తగ్గిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. నిప్పుగూటినీ బయటి రేకునీ కలిపి పట్టుకునే స్టే బోల్టులు వందల్లో ఉంటాయి, వాటిలో చాలావాటికి మధ్యలో సన్నటి రంధ్రం పెడతారు. బోల్టు లోపల విరిగితే ఆ రంధ్రంలోంచి ఆవిరి బయటికొచ్చి పట్టిచ్చేస్తుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడు. ఒక్కటి పోయినా మార్చాల్సిందే, అక్కడ రాజీ పడితే బాయిలర్ పేలొచ్చు, మనుషులు పోవచ్చు. 1630ని 2004లో పక్కన పెడితే మళ్ళీ జనాన్ని ఎక్కించుకున్నది 2014లో. పదేళ్ళు!

రంగేసి నిలబెడితే ఇంజన్ ఆకారం మిగులుతుంది, అంతే. చల్లారిన బాయిలర్‌కి నిప్పు వేసి, రేకులన్నీ సమంగా వేడెక్కేలా గంటల తరబడి నిదానంగా ఆవిరి పెంచడం, గేజ్ గ్లాసులో నీటి మట్టం మీద కన్ను తీయకుండా బొగ్గు ఎప్పుడు ఎంత ఎక్కడ పడాలో చూసుకోవడం, ఇవన్నీ చేత్తో చేసినవాడు పక్కన నిలబెట్టుకుని నేర్పిస్తేనే వస్తాయి. ఇంజన్ ఆగిపోయిన చోట ఆ పని తెలిసినవాళ్ళు ఒక్క తరంలో కరువైపోతారు. నాకైతే ఆ ఖర్చులో ప్రతి డాలరూ సార్థకమే అనిపిస్తుంది. నువ్వు కాజీపేటలోనే ఉన్నావు కదా, బొగ్గు ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన డ్రైవర్లు, ఫిట్టర్లు ఎవరున్నారో వాకబు చెయ్యి. వాళ్ళు చెప్పేది ఫోన్లో రికార్డు చెయ్యి, ఇంజన్ భాగాల పేర్లు వాళ్ళ మాటల్లోనే రాసుకో. సెమిస్టర్ అయ్యాక చూద్దామనుకోకు.

ప్రశ్న: చికాగో శివార్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంలో వలంటీర్‌గా చేరాలనుంది గానీ స్పానర్ పట్టడం కూడా రాదు. తీసుకుంటారా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, షాంబర్గ్

జవాబు: టెన్షన్ దేనికండీ, ఆ మ్యూజియం నడుస్తున్నదే ఎక్కువగా వలంటీర్ల మీద. మీరు చూసే డ్రైవరు, కండక్టరు, కిటికీ చట్రానికి సాండ్‌పేపర్ కొడుతున్న పెద్దాయన, వీళ్ళలో చాలామందికి ఇది జీతమొచ్చే పని కాదు. చేరగానే ఇంజన్ ఎక్కిస్తారని మాత్రం అనుకోవద్దు. తుప్పు గోకడం, పాత రంగు తీయడం, కొయ్య పెట్టెల పైకప్పుకి కాన్వాస్ వేయడం, గడ్డి కొట్టడం లాంటివి ముందుంటాయి. అవి చిన్న పనులేం కావు. పాత పెట్టెకి మొదటి శత్రువు వాన నీరు, కిటికీ కింద చేరిన తడి నుంచే తుప్పూ కుళ్ళూ మొదలవుతాయి. పాత డ్రాయింగులు, ఫొటోలు స్కాన్ చేసి వరసలో పెట్టడం లాంటి పనుల్లో మీ ఉద్యోగ అనుభవం నేరుగా అక్కరకొస్తుంది. ఒక శనివారం వెళ్ళి షెడ్డులో పని చేస్తున్నవాళ్ళని పలకరించండి, మిగతాది వాళ్ళే చెబుతారు.

ప్రశ్న: అమెరికా వెళ్ళలేని మాలాంటివాళ్ళకి ఇక్కడ ఏముంది?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: పిల్లలతో అయితే చెన్నై పెరంబూరులో, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీ దగ్గరి రైల్ మ్యూజియం. ఢిల్లీ చాణక్యపురిలోది 1977లో తెరిచిన జాతీయ మ్యూజియం, అక్కడి పటియాలా మోనోరైలు చూసి తీరాలి. స్టేషన్ల ముందు దిమ్మ మీద నిలబెట్టిన ఇంజన్లు మన దగ్గరా ఉన్నాయి, కానీ ఎండకీ వానకీ వదిలేసిన వాటిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పొగా, వేడీ, నూనె వాసనా కావాలంటే హర్యానాలోని రేవాడి స్టీమ్ షెడ్డుకే వెళ్ళండి. 1893 నాటి షెడ్డు అది, 1855లో ఇంగ్లండులో తయారైన ఫెయిరీ క్వీన్‌కి అదే ఇల్లయింది. ముందు ఫోన్ చేసి ఏ రోజు ఇంజన్‌కి నిప్పు వేస్తారో కనుక్కుని, ఆ తర్వాతే టికెట్లు తీసుకోండి.