చేరే ముందు ఉద్యోగం గురించి అడగండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె. మా అమ్మాయికి 21 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసై డిగ్రీలో చేరింది కానీ, ఇంటి పరిస్థితుల వల్ల రెండో ఏడాదిలో మానేసింది. విశాఖపట్నంలో మూడు నెలలు ఉచితంగా శిక్షణ ఇచ్చి, తిరుపతి జిల్లా శ్రీసిటీలోని సెల్‌ఫోన్ కంపెనీలో ఉద్యోగం చూపిస్తారని మా డ్వాక్రా సంఘం సమావేశంలో చెప్పారు. అంత దూరం పంపడానికి మా ఆయన భయపడుతున్నారు. ఇటు టౌనులో ఒక కంప్యూటర్ సెంటర్ వారు పాతిక వేలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, ముందు పాతిక వేల సంగతి తేల్చేద్దాం. ఫీజు తీసుకుని ఉద్యోగం గ్యారంటీ అనేవారు ఆ మాటను సంస్థ పేరున్న కాగితం మీద రాసి ఇవ్వరు. ఇవ్వని మాటకు సంఘం అప్పు తెచ్చి డబ్బు కట్టవద్దు.

మీరు చెప్పిన ఉచిత శిక్షణ, వివరాలను బట్టి చూస్తే, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద నడిచేదిగా కనిపిస్తోంది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2014 సెప్టెంబరులో ప్రారంభించిన ఈ పథకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఉపాధి కల్పన సంస్థ సీడాప్ అమలు చేస్తోంది. గ్రామాల్లోని పేద కుటుంబాల యువత కోసం ఉద్దేశించిన పథకం కాబట్టి, మీరు సంఘ సభ్యురాలు కావడమే మీ అమ్మాయి అర్హతకు ఒక ఆధారమవుతుంది. శిక్షణకు గానీ, వసతికి, భోజనానికి గానీ మీరు ఒక్క రూపాయి కూడా చెల్లించనక్కరలేదు. రిజిస్ట్రేషన్ పేరుతోనో, యూనిఫాం పేరుతోనో ఎవరైనా డబ్బు అడిగితే వెంటనే మీ మండల వెలుగు కార్యాలయంలో ఏపీఎంకు (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్‌కు) చెప్పండి. ఆ సెంటరు నిజంగా సీడాప్ అనుమతి పొందినదేనా అన్నది కూడా అక్కడే అడిగి తెలుసుకోండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలే తప్ప సెంటర్‌లో వదిలి రాకూడదు. వారికి జిరాక్సులు చాలు.

చాలామంది తల్లిదండ్రులు కోర్సు పేరు, భోజనం, హాస్టల్ గురించి మాత్రమే అడిగి పిల్లల్ని చేర్చేస్తారు. నేను మాత్రం కోర్సు చివర వచ్చే ఉద్యోగం గురించి ముందు అడగమంటాను, ఎందుకంటే మూడు నెలల శిక్షణ ఎలాగో గడిచిపోతుంది కానీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి చేయాల్సింది ఆ ఉద్యోగమే. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని ఈ పథకం నిబంధన. సంస్థకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో కొంత భాగం ఉద్యోగాలు చూపించాకే విడుదలవుతుంది. అందువల్ల ఏదో ఒక ఉద్యోగం చూపించడానికి సంస్థ గట్టిగానే ప్రయత్నిస్తుంది. అది మీ అమ్మాయి నిలబడగలిగే ఉద్యోగమా కాదా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి.

జీతం ఎంతని అడిగితే సాధారణంగా పెద్ద అంకె చెబుతారు. చేతికి ఎంత వస్తుందని అడగండి. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయలు అన్నారనుకుందాం. అందులో మూల వేతనం 10,000 అయితే, 12 శాతం చొప్పున 1,200 పీఎఫ్‌కు, మొత్తం జీతం మీద 0.75 శాతం చొప్పున సుమారు 113 ఈఎస్‌ఐకి వెళ్తాయి. హాస్టల్‌కు, మెస్‌కు కలిపి 3,000 పట్టుకుంటే చేతికి వచ్చేది 10,687 రూపాయలు. ఇందులో పీఎఫ్, ఈఎస్‌ఐ కోతను నష్టంగా చూడవద్దు. పీఎఫ్‌లో యజమాని వాటా కూడా జమవుతుంది, ఈఎస్‌ఐ ఉంటే వైద్యం దొరుకుతుంది. హాస్టల్ కోత ఎంతో మాత్రం ముందే తెలియాలి. నియామక పత్రం కంపెనీ పేరు మీద ఇస్తారా, లేబర్ కాంట్రాక్టర్ పేరు మీద ఇస్తారా అన్నది కూడా అడగండి. కాంట్రాక్టర్ ద్వారా అయితే పీఎఫ్ ఖాతా నంబరు మొదటి నెలలోనే తీసుకుని, డబ్బు జమవుతోందో లేదో ఫోన్‌లో చూసుకోవడం అమ్మాయికి అలవాటు కావాలి.

సెల్‌ఫోన్ల అసెంబ్లీ లైన్‌లో పని అంటే, కళ్లకు, వేళ్లకు ఓర్పు ఉండాలి; షిఫ్టు పొడుగునా అదే పనిని మళ్లీ మళ్లీ చేయాలి, కొన్ని లైన్లలో నిలబడే చేయాలి. ఈ మాట అమ్మాయికి చేరే ముందే చెప్పండి. సెంటర్‌లో గత బ్యాచ్‌లో శిక్షణ పొంది ఇప్పుడు అదే కంపెనీలో పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. ఆరు నెలలకు పైగా అక్కడ ఉంటున్న అమ్మాయి చెప్పే మాట, ఏ కౌన్సెలింగ్ సమావేశంలో వినే మాట కన్నా విలువైనది. మాట్లాడించడానికి సెంటర్ వారు వెనకాడితే, నా దృష్టిలో అదే మీకు తగిన జవాబు.

ఇక మీ ఆయన భయం గురించి. అది అర్థం లేని భయం కాదు. ఆమదాలవలసలో చెన్నై వైపు రైలెక్కితే ఒక పగలో ఒక రాత్రో పట్టే ప్రయాణం అది. కొత్త ఊరు, కొత్త తిండి, మొదటి జీతం వచ్చేలోపు చేతిలో డబ్బు లేకపోవడం, వీటివల్లే చాలామంది పిల్లలు మొదటి రెండు నెలల్లో తిరిగి వచ్చేస్తారు. ఈ ఇబ్బంది తెలిసే పథకం మార్గదర్శకాల్లో ఉద్యోగంలో చేరినవారికి నెలకు వెయ్యి రూపాయల సాయం పెట్టారు. సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలోనే మరో జిల్లాలో అయితే మూడు నెలలు, రాష్ట్రం దాటితే ఆరు నెలలు. శ్రీసిటీ మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి మూడు నెలల సాయం ఎప్పుడు, ఏ ఖాతాలో వేస్తారో అడగండి. మూడు నెలలు జీతం అందినట్టు ఆధారం చూపితే సంస్థకు ఆ ఉద్యోగం లెక్కలోకి వస్తుంది, ఆ తర్వాత వారికి పట్టింపు తగ్గవచ్చు. అందుకే నాలుగో నెలలో ఏదైనా కష్టం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ వ్యక్తి పేరు, నంబరు కూడా రాయించుకోండి. రాత్రి షిఫ్టు వేయాలంటే అమ్మాయి సమ్మతి ఉండాలి. హాస్టల్ నుంచి బస్సు ఉందో లేదో కనుక్కోండి. వీలైతే మీ ఆయన ఒకసారి విశాఖ సెంటర్‌కు వెళ్లి చూసి రావడం మంచిది.

ఇన్ని అడిగాక కూడా అమ్మాయికి ఇల్లు వదిలి వెళ్లాలని లేకపోతే బలవంతం చేయవద్దు. జిల్లాలో లీడ్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో కుట్టు, బ్యూటీషియన్ వంటి కోర్సులు ఉచితంగా నేర్పి, బ్యాంకు రుణానికి దారి చూపుతారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతి ఇది. ఓపిక ఉంటే ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండేళ్ల కోర్సు చేసి, ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరవచ్చు. అదే ఫ్యాక్టరీల్లో లైన్ పని కాక మెషీన్ల మరమ్మతు పనికి వెళ్లడానికి అది ఉపకరిస్తుంది.

మీ ఉత్తరం చదివితే నాకు ఎక్కువ బాధ కలిగించింది మధ్యలో ఆగిపోయిన డిగ్రీ. శ్రీసిటీకి వెళ్లినా, ఊళ్లోనే ఉన్నా, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో చేరి ఉద్యోగం చేస్తూనే డిగ్రీ పూర్తి చేయవచ్చు. ప్రవేశాల సమయం ఎప్పుడో, ఆగిపోయిన చదువుకు సంబంధించిన మార్కుల కాగితాలు, టీసీ ఇంకా కాలేజీలోనే ఉన్నాయేమో ఈ వారంలోనే కనుక్కోమనండి.