రికార్డులు కొట్టిన గుహ డైవర్లు కూడా ఎందుకు చనిపోతున్నారు? ఒంటిమీద సామాను అమరిక అంత ముఖ్యమా?

ముఖ్యమే. దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ సంగతి చూడండి. నీటితో నిండిన ఆ గుహలో 1996లో నూనో గోమెస్ 282 మీటర్ల దాకా దిగి బతికి వచ్చాడు. (2024లో ఫ్రాన్స్‌లోని ఫోంట్ ఎస్ట్రమార్‌లో గ్జావియే మెనిస్కస్ 312 మీటర్ల దాకా దిగాడు.) 1994లో అదే బుష్‌మన్స్ హోల్‌లో చనిపోయిన డియాన్ డ్రేయర్ శవాన్ని తేవడానికి 2005 జనవరి 8న డేవిడ్ షా 270 మీటర్ల లోతుకు వెళ్లాడు. రెండు చేతులతో పని ఉంటే లైటును మెడ వెనక నుంచి వేసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు హెల్మెట్‌కు కెమెరా ఉండటంతో అది కుదరలేదు. వదిలేసిన లైటు తీగ గైడ్‌లైన్‌తో (దారి తప్పకుండా పట్టుకుని వెళ్లే తాడుతో) చిక్కుపడింది. ఆయన తిరిగి రాలేదు.

పైన అయితే ఆ చిక్కు అర నిమిషం పని. కింద ఊపిరే అడ్డం. 4% ఆక్సిజన్, 80% హీలియం, మిగతా నైట్రోజన్ ఉన్న మిశ్రమం ఇక్కడ లీటరు 0.4 గ్రాములు తూగితే, అక్కడి 27 బార్ల (పైన ఉన్నదానికి దాదాపు 27 రెట్ల) ఒత్తిడిలో దాదాపు 11 గ్రాములు తూగుతుంది. లీటరుకు 6.2 గ్రాములు దాటొద్దన్నది డైవర్లకు చెప్పే హద్దు. అంత బరువైన గాలిని ఊపిరితిత్తులు సరిగా ఆడించలేవు. కాస్త పెనుగులాడినా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఆయాసం వస్తుంది. ఆయాసంతో గబగబా పీలిస్తే ఆ పీల్చడమే ఇంకో శ్రమ. పరికరం బాగానే పనిచేస్తున్నా మనిషి స్పృహ తప్పుతాడు.

రీబ్రీతర్ (వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్లీ పీల్చడానికి ఇచ్చే పరికరం) పాడైతే మామూలు సిలిండర్లకు మారొచ్చు కదా అంటారు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు అక్కడ 540 లీటర్లు ఖర్చు చేస్తాడు. 200 బార్లు నింపిన 12 లీటర్ల సిలిండర్లు రెండూ కలిపి తొమ్మిది నిమిషాలు కూడా రావు. పైకి రావడానికి గంటలు పడుతుంది.

అందుకే వేలాడేది ఏదీ ఉండకూడదు. లైటు తలను గుడ్‌మన్ హ్యాండిల్‌తో ఎడమ చేతి వెనక బిగిస్తే వేళ్లు ఖాళీగా ఉంటాయి. మిగిలిన తీగను నడుం బెల్టు కింద దోపాలి. గాలి పీల్చే 2.1 మీటర్ల పొడవు హోసు కుడి నడుం దగ్గరి లైటు బ్యాటరీ డబ్బా కిందుగా, రొమ్ము మీదుగా మెడ చుట్టూ రావాలి. బోల్ట్ స్నాప్‌ను (తగిలించే కొక్కేన్ని) హోసుకు సన్నతాడుతోనే కట్టాలి. ఇనుముకు ఇనుము తగిలిస్తే ఇరుక్కున్నప్పుడు కోయలేరు. పిక్కకు కట్టిన కత్తి తాడును పట్టేస్తుంది, అది నడుముకో ముంజేతికో మారాలి. ఫిన్ల బకిల్స్ కూడా అంతే, స్ప్రింగ్ పట్టీలు నయం.

కొత్తగా ఒక్క వస్తువు చేర్చినా ముందు పది మీటర్లలో, తోడు మనిషి ఉండగా, కళ్లు మూసుకుని ప్రతి వాల్వూ, కత్తీ, బ్యాకప్ లైటూ చేతికి అందుతున్నాయో లేదో చూడాలి. ఒకే డైవ్‌లో రెండు మార్పులు చేయకండి, తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. కెమెరా పెట్టాలనుకుంటే అది ఏ వస్తువు చోటు లాక్కుంటోందో ముందు తేల్చుకోండి.